తల్లీబిడ్డా కలిసి చదువుకునే తరగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం తరగతులకు వచ్చే తల్లులు, వాళ్ళను పంపాలా వద్దా అని ఆలోచించే ఇంటివాళ్ళు, తమ ఊళ్ళో ఇలాంటిది పెట్టాలనుకునే టీచర్లు, సంఘం లీడర్లు అడుగుతూ ఉండే ప్రశ్నలివి. జవాబులు పాలమూరు పల్లెల్లో చూసినదాన్ని బట్టి రాసినవి. మీ వైపు పంటలు, పనివేళలు, యాస వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

అసలు ఇది ఏ రకం తరగతి? రాత్రిబడే కదా?

రాత్రిబడిలో పెద్దవాళ్ళు మాత్రమే చదువుకుంటారు. పిల్లలు వెంట వస్తే "పక్కన కూర్చోబెట్టమ్మా" అంటారు. ఇక్కడ పిల్లలు రావాల్సిందే, వాళ్ళు లేకపోతే సగం తరగతి లేనట్టే. పని నాలుగు భాగాలుగా ఉంటుంది. తల్లి తన కోసం చదవడం, రాయడం నేర్చుకుంటుంది. అదే వేళలో పక్క గదిలోనో, చెట్టు కిందో బిడ్డ ఆటపాటలతో నేర్చుకుంటుంది. పిల్లల పెంపకం గురించి తల్లులు తమలో తాము మాట్లాడుకుంటారు. చివరగా తల్లీబిడ్డా పక్కపక్కన కూర్చుని ఒకే పుస్తకం చూస్తారు, లేదా కలిసి ఒకే ఆట ఆడతారు. ఈ నాలుగోది చూడటానికి తేలిగ్గా ఉంటుంది. టైము చాలనప్పుడు అందరూ ముందు ఎత్తేసేదీ దాన్నే. అది ఎత్తేస్తే మిగిలేది ఒక రాత్రిబడి, ఒక అంగన్‌వాడీ.

ఈ పద్ధతి ఎక్కడిది?

ఈ నాలుగు భాగాల పద్ధతి అమెరికాలోని కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చింది. హైస్కూలు పూర్తి చెయ్యని తల్లిదండ్రులను, వాళ్ళ మూడు నాలుగేళ్ళ పిల్లలను ఒకే బడికి రప్పించే కార్యక్రమాన్ని అక్కడ 1986లో మొదలుపెట్టారు. దాని వెనకున్న షారన్ డార్లింగ్ 1989లో లూయివిల్ నగరంలో కుటుంబ అక్షరాస్యత కోసం ఒక జాతీయ కేంద్రం స్థాపించారు. ఆ దేశ ప్రభుత్వం 1988 చట్టంతో 'ఈవెన్ స్టార్ట్' పేరిట ఇదే దారిలో నిధులిచ్చింది.

అంతకు ముందే 1982లో టర్కీలోని ఇస్తాంబుల్లో చిదెమ్ కాట్చిబాషి అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు పేద తల్లులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ బిడ్డను బడికి తీసుకురావడం కంటే, ఇంట్లో బిడ్డతో ఏం చెయ్యాలో తల్లికి నేర్పడం మీద దృష్టి పెట్టారు. అది పెరిగి పెరిగి 25 వారాల కార్యక్రమంగా దేశమంతా పాకింది. మన పల్లెలకు ఈ రెంటిలో టర్కీదే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. కెంటకీ పద్ధతికి రోజంతా ఖాళీగా ఉండే తల్లి కావాలి. కూలికి పోయే ఊళ్ళో అలాంటి తల్లి దొరకదు.

నిజంగా ఫలితం ఉంటుందా?

ఉంటుంది. కానీ పోస్టర్ల మీద రాసినంత ఉండదు.

ముందు మంచి కబురు. టర్కీలో శిక్షణ పొందిన తల్లుల పిల్లలను ఏళ్ళ తరువాత మళ్ళీ వెతికి చూస్తే 86 శాతం ఇంకా చదువుకుంటున్నారు. శిక్షణ లేని తల్లుల పిల్లల్లో అది 67 శాతమే. నేర్పింది తల్లికి, నిలబడింది బిడ్డ చదువు.

ఇక మన దేశం. బీహార్, రాజస్థాన్ పల్లెల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2017లో అచ్చయింది. ఊళ్ళను చీటీ తీసినట్టు విడదీసి, కొన్నిట్లో తల్లులకు అక్షరాలు నేర్పారు, కొన్నిట్లో పిల్లలతో ఇంట్లో చెయ్యాల్సిన పనులు నేర్పారు, కొన్నిట్లో రెండూ చేశారు. మూడు చోట్లా పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి, కానీ కొద్దిగానే. తల్లుల చదువూ లెక్కలూ రెండూ పెరిగాయి, బిడ్డ చదువులో వాళ్ళ జోక్యం పెరిగింది. ఒక్క ఏడాదిలో బిడ్డ గడగడా చదివేస్తాడని మీకెవరైనా చెబితే ఈ ఫలితం గుర్తు చెయ్యండి.

చేదు కబురు అమెరికాది. 'ఈవెన్ స్టార్ట్' మీద 2003లో వచ్చిన మూడో జాతీయ మూల్యాంకనంలో, అందులో చేరిన కుటుంబాలు చేరని కుటుంబాల కంటే ఎక్కువేమీ నేర్చుకోలేదని తేలింది. ముఖ్యంగా కనిపించిన లోపం హాజరు: కుటుంబాలు రావాల్సినన్ని గంటలు రాలేదు. 2011 తరువాత నిధులూ ఆగిపోయాయి. పాఠ్యపుస్తకం ఎంత బాగున్నా రాని తల్లికి ఏం నేర్పుతాం? అందుకే టైము, దూరం, బస్సు, నాట్ల కాలం గురించి ఈ పేజీలో అన్నిసార్లు చెబుతున్నాం.

నాకే చదువు రాదు. బిడ్డకు నేనేం నేర్పను?

అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు నిండిన ఆడవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు 59 శాతమే. మీరు ఒంటరి కాదు.

అక్షరం రాని తల్లి కూడా పుస్తకం పట్టుకుని బిడ్డకు చాలా నేర్పగలదు. ఎలాగో చూడండి. నాలుగేళ్ళ బాబు, వాళ్ళమ్మ. ముందు ఒక బొమ్మల పుస్తకం. పేజీ నిండా మేక, దాని మెడలో గంట, పక్కన విరిగిన కంచె.

"ఏందిరా ఇది?"

"మేక."

ఇక్కడ చాలామంది పేజీ తిప్పేస్తారు. తిప్పకండి.

"ఏడికి పోతుంది?"

"తోటలకు."

"ఎట్ల పోయింది లోపలికి? కంచె ఉంది కదా."

బాబు బొమ్మ మీద వేలు పెట్టి చూస్తాడు. "ఇరిగింది."

"ఎవరు ఇరగ్గొట్టిండ్రు?"

"మేకనే. కొమ్ములతోని."

"మనింట్ల మేక ఇట్లనే చేసింది కదా, నీకు యాదుందా? అప్పుడు తాత ఏమన్నడు?"

అంతే. వాడు ఒక్క మాటతో మొదలుపెట్టి కారణం చెప్పేదాకా, జరిగిన సంగతి గుర్తు చేసుకునేదాకా వచ్చాడు. రేపు బడిలో పాఠం అర్థం కావడానికి కావలసింది ఈ పనే. దీనికి తల్లి ఒక్క అక్షరం చదవలేదు. 'ఇదేమిటి' అని అడిగి ఆగకుండా 'ఎందుకు', 'తరువాత ఏమైంది', 'మనింట్లో ఎలా' అని సాగదీయడమే కిటుకు. బిడ్డ జవాబు చెప్పేలోపు మీరే చెప్పెయ్యకండి. కాసేపు మౌనంగా ఉండటం మనకు కష్టం, కానీ అలవాటవుతుంది.

మీకు పొడుపు కథలు వస్తే, బతుకమ్మ పాటలు వస్తే, నాయనమ్మ చెప్పిన రాకాసి కథ వస్తే అవన్నీ తరగతిలో పాఠాలే. పాటలో ప్రాస పట్టగలిగిన పిల్లకు మాటలోని శబ్దాలు విడివిడిగా వినిపిస్తాయి. అక్షరం అతుక్కునేది ఆ శబ్దానికే.

అ, ఆ లతోనే మొదలుపెట్టాలా?

పెద్దవాళ్ళతో వద్దు. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అయ్యాకే మాటలు అంటే మొదటి మాట చదివేసరికి పత్తి ఏరే కాలం వచ్చేస్తుంది, తరగతి ఖాళీ అవుతుంది. ఌ తో మొదలయ్యే మాట ఏ తల్లీ ఏ సంతలోనూ వినలేదు, దాన్ని మొదటి వారంలో దిద్దించడం ఎందుకు?

వయోజన వాచకాల్లో పాతకాలం నుంచి ఉన్న పద్ధతే మేలు: తెలిసిన మాటతో మొదలుపెట్టి దాన్ని అక్షరాలుగా విడగొట్టడం. 'పలక' తీసుకోండి. ప, ల, క మూడే అక్షరాలు. వాటితోనే 'కల', 'కలప' వస్తాయి. రెండో రోజు దీర్ఘం, కొమ్ము చెప్పండి. ఇక చూడండి: పాప, పాలు, కాలు, పులుపు, కలుపు. చేలో కలుపు తీసి వచ్చిన మనిషి రాత్రి 'కలుపు' అని తన చేత్తో రాసుకున్నప్పుడు ఆ ముఖం చూడాలి. మూడు అక్షరాలు, రెండు గుర్తులు, ఇన్ని మాటలు.

రూపంలో దగ్గరగా ఉన్నవి ఒకే రోజు చెప్పకండి. ప, వ, మ, య లు పెద్దవాళ్ళను బాగా తికమక పెడతాయి. మధ్యలో నాలుగైదు రోజులు వదలండి. ఒత్తులు చివర్లోనే, అదీ అమ్మ, అక్క, అన్నం, అవ్వ లాంటి ఇంటి మాటలతోనే.

పేరు మాత్రం మొదటి రోజే. నిశానీ వేసే మనిషికి తన పేరు తాను రాయడం కంటే పెద్ద కోరిక ఉండదు. అందులో ఎంత కష్టమైన ఒత్తు ఉన్నా సరే, బొమ్మ గీసినట్టు గీయించండి, విడగొట్టడం తరువాత చూసుకోవచ్చు. బిడ్డ పేరు రెండోది.

లెక్కల సంగతి వేరు. పాల లెక్క, సంఘం కిస్తీ, కూలి డబ్బులు నోటితో తేల్చేసే ఆడవాళ్ళకు కూడికలు కొత్తగా నేర్పేదేమీ లేదు. అంకె గుర్తుపట్టడం, కాగితం మీద పెట్టడం మాత్రమే కొత్త. దీన్ని గమనించని టీచర్లు వాళ్ళను చిన్నపిల్లల్లా చూసి పోగొట్టుకుంటారు.

ఒక సాయంత్రం ఎలా గడుస్తుంది?

మొత్తం గంటన్నర. వచ్చినవాళ్ళతో వచ్చినట్టే ఒక పాటతో మొదలవుతుంది, ఆలస్యమైనవాళ్ళు పాటలో కలుస్తారు. తరువాత నలభై నిమిషాలు తల్లులు పలకలతో ఒకవైపు, పిల్లలు ఆయమ్మతోనో ఇంటర్ చదివే అమ్మాయితోనో ఇంకోవైపు. ఆపైన అరగంట ఇద్దరూ కలిసి. మిగిలిన కాసేపు కబుర్లు: పిల్లాడు అన్నం తినడు, ఫోన్ వదలడు, పక్క తడుపుతున్నాడు. ఈ కబుర్లలోంచే మరుసటి వారం పాఠం పుడుతుంది.

కలిసి చేసే అరగంటకు ఖర్చు అక్కర్లేదు. నేల మీద సుద్దతో పెద్ద 'ప' గీసి తల్లీబిడ్డా దాని మీద చింతగింజలు పేరుస్తారు. బియ్యం సంచి మీద, సబ్బు కాగితం మీద తెలిసిన అక్షరం వెతుకుతారు. బిడ్డ చెప్పిన రెండు ముక్కలు తల్లి కాగితం మీద రాస్తే, బిడ్డ బొమ్మ వేస్తుంది. ఆ కాగితాలు కుట్టుకుంటే అదే ఇంటి పుస్తకం. తల్లి తప్పులతో రాసినా ఎర్రపెన్ను పెట్టొద్దు.

ఏ వయసు పిల్లలు?

మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళకు బాగా కుదురుతుంది. చంటిపిల్లలున్నా రండి. వాళ్ళతో మాట్లాడటం, లాలిపాట, చిట్టి చిలకమ్మా కూడా చదువులో భాగమే. కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీల కోసం తెచ్చిన బోధన ప్రణాళికల్లో 'నవచేతన' మూడేళ్ళలోపు పిల్లలకు, 'ఆధారశిల' మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళకు. రెండూ ఆటనే నమ్ముకున్నాయి. మూడేళ్ళ బిడ్డ చేత బలపం పట్టించి అక్షరాలు దిద్దించమని ఒత్తిడి చేసే తల్లిదండ్రులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వేళ్ళు గట్టిపడలేదు, పిండి ముద్దతో ఆడనివ్వండి, సరిపోతుంది.

ఎన్నాళ్ళు పడుతుంది?

పెద్దల అక్షరాస్యతకు మన దేశంలో మామూలుగా 200 గంటలు లెక్క. గంటన్నర చొప్పున వారానికి నాలుగు రోజులంటే ఆరు గంటలు, అంటే దాదాపు ఎనిమిది నెలలు. అది కాగితం మీద. నాట్లు, కలుపు, పత్తి, పెళ్ళిళ్ళు, జాతరలు పోతే ఏడాది పైనే అనుకోండి. పని ఒత్తిడి ఉన్న వారాల్లో తరగతి మూసేయకుండా వారానికి ఒక్కరోజైనా తెరిచి ఉంచండి. పూర్తిగా మూసిన తరగతి మళ్ళీ తెరుచుకోవడం అరుదు. వలసపోయే కుటుంబాలైతే పోయేముందు చేతికి రెండు బొమ్మల పుస్తకాలు, ఒక పలక ఇచ్చి పంపండి.

సర్టిఫికెట్ వస్తుందా?

తల్లికి వస్తుంది. పెద్దల చదువు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న 'ఉల్లాస్' పథకంలో పదిహేనేళ్ళు నిండిన, చదువు రాని ఎవరైనా పేరు నమోదు చేయించుకోవచ్చు. చదవడం, రాయడం, లెక్కలు మూడింటికీ యాభై చొప్పున 150 మార్కుల పరీక్ష. నెగ్గితే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్‌ఐఓఎస్) సర్టిఫికెట్ ఇస్తుంది. నేర్పేవాళ్ళు స్వచ్ఛంద కార్యకర్తలే, జీతం ఉండదు. తెలంగాణలో స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళ కోసం ఇదే పని 'అమ్మకు అక్షరమాల' పేరుతో జరుగుతోంది. మీ తరగతిని ఇందులో కలుపుకుంటే వాచకాలు దొరుకుతాయి, పరీక్షకు దారి ఉంటుంది. కానీ ఈ పథకంలో ఉన్నది తల్లి చదువు మాత్రమే. బిడ్డతో కలిసే అరగంట మీరే చేర్చుకోవాలి.

మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగులోనే మాట్లాడాలా?

అక్కర్లేదు. బొమ్మ చూపించి మాట్లాడేది, కథ చెప్పేది మీ భాషలోనే. ఇంటి భాషలో మాటలు బాగా పెరిగిన బిడ్డకు తెలుగు అక్షరం తొందరగా పట్టుబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి, బంజారా (లంబాడీ), ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలు తెచ్చి, తెలుగు లిపితోనే చిన్న తరగతులు నడిపింది అందుకే. టీచరుకు మీ భాష రాకపోతే తండాలోని చదువుకున్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. తెలుగు రాని తల్లిని తెలుగులో మాట్లాడమంటే ఆమె నోరు విప్పదు, బిడ్డ ఆమె ముఖమే చూస్తుంది.

మా బాబు ఇంగ్లీషు మీడియం. తెలుగు నేర్చుకుని ఏం లాభం?

ఇది ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ అడుగుతున్నారు, అడగడంలో తప్పేం లేదు. సర్కారు బడులూ ఇంగ్లీషు మీడియం అయ్యాయి. కానీ ఆలోచించడం, కారణం చెప్పడం బిడ్డ నేర్చుకునేది మీతో మాట్లాడే భాషలో. మీకు తెలియని ఇంగ్లీషులో మీరు వాడితో రెండు ముక్కలకు మించి మాట్లాడలేరు. 'రెడ్, బ్లూ, ఆపిల్' అని పేర్లు చెప్పించడంతో ఆగిపోతారు. పైన మేక బొమ్మ దగ్గర జరిగిన సంభాషణ ఇంగ్లీషులో జరిగేదా? ఇక లాభమంటే, మందుల చీటీ, బస్సు బోర్డు, ఉపాధి హామీ కార్డు, సంఘం పుస్తకం మీరే చదువుకుంటారు. అది బిడ్డ మార్కుల కోసం కాదు, మీ కోసం. తల్లిని ట్యూషన్ టీచరును చెయ్యడానికే ఈ తరగతులు అనుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. తనకేమీ దక్కని తరగతికి ఏ మనిషి అయినా ఎన్నాళ్ళు వస్తుంది?

మా అత్త, మా ఆయన వద్దంటున్నారు.

కొందరు నిజంగానే పని ఆగిపోతుందని అంటారు. వాళ్ళను ఒకరోజు పిలిచి కూర్చోబెట్టండి. మనవడు బొమ్మ చూపించి కథ చెబుతుంటే ముసలమ్మ వెళ్ళదు, మరునాడు తానే పిల్లాడిని ఎత్తుకొస్తుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతలు ఎవరొచ్చినా సరే, బిడ్డతో వచ్చిన పెద్ద ఎవరైనా ఇక్కడ విద్యార్థే.

ఇంకొందరి అనుమానం వేరు: ఆడవాళ్ళు పోగై ఏం మాట్లాడుకుంటారో అని. దీనికి చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లాలో 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమంలో వాచకం పాఠాలు చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. అది 1992లో రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధానికి దారితీసింది. కాబట్టి ఆ అనుమానం ఉత్తదేమీ కాదు.

తండ్రులు రావచ్చా?

రావాలి. వచ్చేది తక్కువ. ఆదివారం ఒక గంట పెట్టి, పిల్లలతో బొమ్మ బండి చెయ్యడమో, గాలిపటమో, కొలతలతో కూడిన పనో ఇస్తే కొందరు వస్తారు. 'మీటింగు' అంటే రారు.

ఫోన్లో యాప్ పెడితే సరిపోదా?

తల్లి, బిడ్డ ఇద్దరూ కలిసి చూసి మాట్లాడుకుంటే పనికొస్తుంది. బిడ్డ చేతికిచ్చి మీరు వంట చేసుకుంటే అది ఫోన్ చూడటమే. వారానికోసారి గ్రూపులో ఒక చిన్న వాయిస్ మెసేజ్ పెట్టి "ఇవాళ పప్పు గింజలు రంగుల వారీగా వేరు చేయించండి" అని చెప్పడం మాత్రం బాగా పనిచేస్తుంది. చదువు రాని తల్లికి వాయిస్ మెసేజ్ మంచి సాధనం.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితం, దించుకుని అచ్చు వేసుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తుంది. కొనేటప్పుడు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, నిండు బొమ్మ ఉన్నవి ఎంచండి. నీతి కథల సంకలనాలు పెద్దవాళ్ళకు నచ్చుతాయి, పిల్లలు మూడో వాక్యంలోనే లేచిపోతారు. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యొద్దు. చిరిగితే అతికించుకుందాం.

అంగన్‌వాడీలోనే పెట్టుకోవచ్చా?

అదే మంచి చోటు. దూరం ఉండదు, పిల్లలకు అలవాటైన గది, సూపర్‌వైజరు అనుమతి తీసుకుంటే చాలు. కానీ భారమంతా టీచరు మీద వెయ్యకండి. ఆమెకు గుడ్లు, పాలు, బాలింతల వివరాలు, ఫోన్లో ఎంట్రీలు ఇప్పటికే తలకు మించి ఉన్నాయి. సాయంత్రం తాళం తీసేది ఆమె అయినా నేర్పేది ఊళ్ళోని చదువుకున్న కోడళ్ళు, డిగ్రీ పిల్లలు కావాలి. పది పన్నెండు మంది తల్లులతో మొదలుపెట్టండి, ముప్పై మందిని పోగేస్తే ఎవరి పలకా ఎవరూ చూడలేరు. వీధిదీపం వెలగని దారి అయితే ముందు సర్పంచిని పట్టుకుని అది వేయించండి. చాలా తరగతులు ఆగిపోయింది పాఠం దగ్గర కాదు, చీకటి దగ్గర.

మేం అమెరికాలో ఉన్నాం. ఇలాంటివి అక్కడ ఉన్నాయా?

ఉన్నాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. కాలిఫోర్నియాలో లైబ్రరీల ద్వారా పెద్దల చదువుతో పాటు కుటుంబాల కోసమే ఒక కార్యక్రమం నడుస్తుంది. ఇంగ్లీషులో తడబడే తల్లులకు, పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలకు ఇవి ఉపయోగపడతాయి. ఇంట్లో తెలుగు పుస్తకంతో కూర్చోవడానికి పద్ధతి పైన మేక దగ్గర చెప్పిందే.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

బిడ్డను, కాళ్ళు కడుక్కుని రావడానికి టైము లేకపోతే అలాగే మిమ్మల్ని. పలక, బలపం ఇక్కడ ఇస్తారు. బిడ్డకు ఆకలేస్తుంది, గుప్పెడు అటుకులో మరమరాలో కొంగున కట్టుకోండి. కళ్ళు మసకగా ఉంటే ముందు పీహెచ్‌సీలో చూపించుకోండి. నలభై దాటినవాళ్ళు కొందరు 'నాకు బుర్రకెక్కదు' అని మానేస్తారు, తీరా చూస్తే కావలసింది అద్దాలు.